కొట్టం గది

మా యింటికి అయిదు మెట్లున్నాయి. గొప్పకు చెప్పడం లేదు. సిరోంచలో ప్రాణహిత వైపు కాపురమున్నవాళ్ళు యిల్లు కట్టుకునేటప్పుడు వాస్తు తర్వాత చూసుకుంటారు, ముందు అరుగు యెత్తు చూసుకుంటారు. మా బాపు యీ యిల్లు కట్టించినప్పుడు మేస్త్రీ మూడు మెట్లు చాలునన్నాడట. బాపు నది వైపు ఒకసారి చూసి, "అయిదు పెట్టు" అన్నాడట. ఆ మాట విలువ మాకు 2022 జూలైలో తెలిసింది. ప్రాణహిత, గోదావరి ఒక్కసారే పొంగి, దిగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు యెక్కిన వారమది. మా వాకిట్లో నీళ్ళు మూడో మెట్టు సగం దాకా వచ్చి, రెండు రోజులు అక్కడే నిలబడి, వచ్చిన దారినే పోయాయి. గడప తడవలేదు.

అటువంటి మెట్లు నిరుడు మాకు పగవాళ్ళయ్యాయి.

కార్తీకమాసంలో మా అవ్వ బావి దగ్గర జారిపడింది. తుంటి యెముక విరిగింది. నది దాటించి, అవతలి రాష్ట్రంలో ఆపరేషను చేయించాము. పడవలమీద దాటే కాలమే అయితే ఆమెను అవతలి ఒడ్డుకు యెట్లా చేర్చేవాళ్ళమో తలుచుకుంటేనే భయం వేస్తుంది; వంతెనలున్నాయి గనుక సరిపోయింది. డాక్టరుగారు చేతికి వాకరు యిచ్చి నడవమన్నారు, మెట్లు మాత్రం వద్దన్నారు. మా యింట్లో మెట్లు యెక్కకుండా లోపలికి, దిగకుండా బయటికి దారి లేదు. మరుగుదొడ్డి, స్నానాలగది కింద పెరట్లో వున్నాయి.

మొదటి రోజు నేనూ మా అబ్బాయీ ఆమెను ప్లాస్టికు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశాము. మోసినంతసేపూ అవ్వ కళ్ళు మూసుకునే వుంది. రాత్రి నేను పక్క సరిచేస్తుంటే నెమ్మదిగా అన్నది:

"మూటలెక్క మోసిండ్రు కదరా నన్ను."

"మూడు నెల్లే అవ్వా. తర్వాత నువ్వే నడుస్తవ్."

"మూడు నెల్లు మూటనే కదా మరి."

నేను దాన్ని మాటవరసకు అన్నమాటగానే తీసుకున్నాను. అసలు సంగతి కనిపెట్టింది నా భార్య. పొద్దున అవ్వ మంచం పక్కన పెట్టిన చెంబు సాయంత్రానికి కూడా నిండుగానే వుంటున్నది. నీళ్ళు తాగితే కిందికి దిగవలసి వస్తుంది, దిగాలంటే యిద్దరు మోయాలి, నేను కచేరీలో వుంటాను, పిల్లవాడు కాలేజీలో వుంటాడు. అందుకని ముసలామె నీళ్ళు తాగడమే మానుకుంది. యీ మాట నా భార్య నాతో వంటింట్లో, అవ్వకు వినబడకుండా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన పత్రిక చదివే కుటుంబాలలో చాలామంది సిరోంచ పేరు వినివుంటారు గాని చూసివుండరు. యింట్లో తెలుగు, కచేరీలో మరాఠీ మా బతుకు. 1860 లో నిజాము చేతినుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయిన తాలూకా యిది. కొన్నాళ్ళు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణంగా వుండి, 1874 లో చాందా జిల్లాలో కలిసి, 1982 లో గడచిరోలి జిల్లా యేర్పడ్డప్పుడు దానికి దక్షిణపు కొస అయింది. నైరుతిన గోదావరికి అవతల కాళేశ్వరం గుడి, పడమట ప్రాణహితకు అవతల చెన్నూరు వైపు పల్లెలు. మా చుట్టరికాలన్నీ అవతలి ఒడ్డునే. జీతం యివతలి ఒడ్డున.

యిక కొట్టం సంగతి. యింటి పక్కనే, నేలకు సమానంగా, బాపు యెడ్లకోసం వేయించిన కొట్టం వుంది. పదహారు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఒకవైపు యింటి గోడే దానికి గోడ. మిగతా మూడు వైపులా టేకు స్తంభాలు, వాటి మధ్య వెదురు తడకలు, తడకలకు బయటివైపు మట్టి, పేడ కలిపిన పూత, పైన రేకులు. గడ్డిబండి లోపలికి దూరాలని బాపు కప్పు యెత్తుగానే వేయించాడు. యెడ్లు అమ్మేసిన తర్వాత అందులో నా మోటారు సైకిలు చేరింది. పట్నాలలో కారుకు కట్టే గదిని గ్యారేజీ అంటారే, మాకు గ్యారేజీ అంటే యిదే. పెరట్లో స్నానాలగదికి పది అడుగుల దూరం. మెట్టన్నది లేదు.

దీనిని గది చేస్తే? ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం యీ ఆలోచన.

ప్రావిడెంటు ఫండులోనుంచి నేను తీయగలిగింది యాభైవేలు. మూడు వైపులా కప్పుదాకా ఇటుక గోడ లేపి గిలాబా చేయిస్తే ఆ డబ్బు గోడలకే చాలదని మేస్త్రీ చెప్పాడు. అప్పుడు మా కచేరీలో చూసిన పని గుర్తుకు వచ్చింది. అక్కడ ఒక పెద్ద గదిని రెండు చేయడానికి యిద్దరు కుర్రాళ్ళు వచ్చి, యినుప చానెళ్ళు నిలబెట్టి, జిప్సం పలకలు బిగించి, నాలుగురోజుల్లో గోడ తయారుచేసి పోయారు. నీళ్ళు పోయడం లేదు, తడపడం లేదు. మావాళ్ళు దాన్ని పీవోపీ బోర్డు అంటారు.

అమెరికాలో వున్న మా మేనల్లుడికి ఫోను చేస్తే నవ్వాడు. "మామా, ఈడ ఇండ్లన్నీ గదే పలకతోటే. కారు పెట్టే గదికి, ఇంటికి నడుమ గోడకైతే తప్పకుండ గదే పెట్టాలె, అగ్గికి ఆగుతదని." యెందుకు ఆగుతుందో నేను కచేరీలో సందు దొరికినప్పుడు చదివి తెలుసుకున్నాను. జిప్సం అనే రాతిలో అయిదోవంతు బరువు నీళ్ళేనట, రాతిలోనే యిమిడిపోయి వుంటాయట. నిప్పు తగిలితే ముందు ఆ నీళ్ళు ఆవిరైపోవాలి, అంతదాకా వెనుకవైపు వేడి యెక్కదు. అమెరికాలో ఆగస్టీన్ సాకెట్ అనే ఆయన 1894 లో కాగితాల మధ్య జిప్సం పోసి పలక చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో ఆ రాయి యెక్కువగా రాజస్థాన్‌లో తవ్వుతారు.

నాకు చదువు మెట్రిక్‌దాకానే గాని కూడికలు, గుణకారాలు యిరవై యేళ్ళుగా చేస్తున్న పని. పాత కవరు వెనుక లెక్క వేశాను. పలక ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మూడు వైపులా కలిపి ముప్పయి ఆరడుగుల గోడ, యెనిమిది అడుగుల యెత్తు, కప్పు కింద నూట అరవై చదరపు అడుగుల తావు. అంతా కలిపితే పంతొమ్మిది పలకలు. విరిగేదానికి ఒకటి కలిపి యిరవై. ఆ కవరు జేబులో పెట్టుకుని రెండురోజులు మహా సంతోషంగా తిరిగాను.

మూడోరోజు వడ్ల మామ వచ్చాడు. మా బాపుకు యీడువాడు, ఆ టేకు స్తంభాలు నిలబెట్టింది ఆయనే. నా కవరు చూడలేదు. తిన్నగా కొట్టంలోకి పోయి, మూల స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని, చేత్తో తడిమాడు. అక్కడ కత్తితో గీసిన గీత వుంది. 2022 లో నీళ్ళు తీసిన మర్నాడు బాపు గీసిన గీత అది. ఆ తర్వాత యేడాదికి బాపు పోయాడు. రోజూ మోటారు సైకిలు ఆ స్తంభం పక్కనే ఆపుతాను గాని, ఆ గీత సంగతి నేను మరిచే పోయాను.

"ఇదెంతున్నది, కొల్వు" అన్నాడు.

కొలిచాను. నేలనుంచి పద్ధెనిమిది అంగుళాలు.

"నీ పలక ఏడికెంచి పెడ్తవ్?"

"నేలకెంచే మామా."

"ఇటుక తడిస్తె ఆర్తది. తడక తడిస్తె ఆర్తది. నీ పలక తడిస్తె అన్నమైతది. లోపల పండేది మీ అవ్వ."

యింకేమీ అనలేదు. కవరు వెనుక లెక్క మళ్ళీ వేశాను. యీసారి యిట్లా వచ్చింది: పాత నేలను ఆరంగుళాలు లేపి కొత్త నేల, దానిమీద రెండడుగుల యెత్తు ఇటుక గోడ, సిమెంటు గిలాబా, ఆపైన పలకలు. రెండు పోను మిగిలింది ఆరడుగులు. పలక పొడవు కూడా ఆరడుగులే! నిలువుగా పెడితే అడ్డంగా కోసే పనే లేదు. పొడుగు వైపుకు నాలుగు పలకలు, పది అడుగుల వైపులకు రెండున్నర చొప్పున అయిదు. మొత్తం తొమ్మిది. కప్పు కింద యేడు. విరిగేదానికి ఒకటి. పదిహేడు పలకలు! యిరవై అనుకున్నవాడికి మూడు తగ్గాయి. బాపు గీతకు, కొత్త ఇటుకగోడ తలకు మధ్య ఒక అడుగు వెసులుబాటు కూడా మిగిలింది. వరద మళ్ళీ అంత వచ్చినా పలకను ముట్టదు. అంతకన్నా యెక్కువ వస్తే అప్పుడు గోడ సంగతి యెవరికి కావాలి, అవ్వను తీసుకుని అందరమూ పోవలసిందే.

చట్రానికి కర్ర పెడదామన్నాను, చవకగదా అని. దానికీ మామ ఒప్పుకోలేదు. మా వైపు చెదలు సంగతి యెరిగినవాడు. టేకు అయితే నిలుస్తుంది. ఆలాపల్లి అడవుల పక్కన కాపురమున్నా నాబోటి గుమాస్తా కొనగలిగేది టేకు కాదు. వేరే కర్ర పెడితే చెదలు పలకమీది కాగితంకోసం వచ్చి కర్రా తింటాయి. అందుకని యినుప చానెళ్ళే తీసుకున్నాను. పలకలకు అయిన ఖర్చుకన్నా చానెళ్ళకే యెక్కువయింది. యీ పని తలపెట్టేవాళ్ళు యీ ముక్క గుర్తుంచుకోవాలి; పలక ధర చూసి మోసపోవద్దు.

పలకలు ప్రాణహిత వంతెన మీదుగా ట్రాలీ ఆటోలో తెచ్చాను. ఫాల్గుణమాసం, వానలు లేని రోజులు గదా అని పైన ఒక పాత చద్దరు కప్పాను. సగం దారిలో గాలివాన పట్టుకుంది. చద్దరు యెగిరిపోయింది. ఒక చెట్టుకింద ఆపి, నేనూ ఆటో అబ్బాయీ మా కండువాలు, వాడి సీటుమీది రెగ్జిను తీసి కప్పాము. నేను నిలువునా తడిశాను గాని ఆ సంగతి తోచనేలేదు. యింటికి వచ్చి దించితే పై రెండు పలకల అంచులు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. వడ్ల మామ చెప్పినట్లు అన్నమే. తప్పు నాదే; రెండువందలు పెట్టి ఒక పాలిథీను పట్టా కొనివుంటే యెనిమిదివందల నష్టం తప్పేది.

అవతలి ఒడ్డునుంచి యిద్దరు కుర్రాళ్ళు వచ్చి రెండురోజుల్లో చానెళ్ళు నిలబెట్టి పలకలు బిగించి పోయారు. వాళ్ళ పనితనం చూడవలసిందే. కత్తితో కాగితంమీద ఒక గాటు పెట్టి, మోకాలికి ఆనించి వంచితే, పలక బలపంలా టక్కున విరుగుతుంది. వెనుక కాగితం కోస్తే రెండు ముక్కలు. మర బిగించేటప్పుడు దాని తల కాగితానికి ఒక వెంట్రుకవాసి లోపలికి పోవాలి గాని కాగితం చిరగకూడదు. చిరిగితే ఆ మర పట్టు లేనట్లే. స్నానాలగది వైపు గోడకు మాత్రం తేమకు కాస్త ఓర్చుకునే ఆకుపచ్చ పలకలు పెట్టించాను. ధర కొంచెం యెక్కువ.

సందులు పూడ్చే పని నేనే చేస్తానన్నాను, కూలి మిగులుతుందని. సందుమీద కాగితపు టేపు అతికించి, పైన పేస్టు పూయాలి, ఆరిన తర్వాత మళ్ళీ పూయాలి, మూడుసార్లు. ఆదివారం ఒక్కరోజులో అయిపోవాలన్న ఆత్రంతో మొదటి పూత ఆరకముందే రెండోది పూశాను. సోమవారం కచేరీనుంచి వచ్చి చూస్తే సందు పొడుగునా బీటలు. గీకి, మళ్ళీ మొదలుపెట్టాను. రోజుకొక పూత. ఆ వారమంతా గరుకు కాగితంతో రుద్ది రుద్ది, పిండిగిర్నీలో పనివాడిలా తెల్లగా అయి అన్నానికి కూర్చునేవాణ్ణి. కచేరీలో నా పక్కబల్లమీది మరాఠీ మిత్రుడు, "కాయ్ భావూ, రాత్రిపూట యెక్కడైనా పిండి మర నడుపుతున్నావా?" అని అడిగాడు, నా చెవుల వెనుక తెల్లదనం చూసి. సంగతి చెబితే, "ఓహో, కుడాచీ భింత్ కడుతున్నావన్నమాట" అన్నాడు. తడక గోడకు వాళ్ళ మాట అది. నిజమే మరి. మా తాతలు వెదురు నిలబెట్టి మట్టి పూశారు. నేను యినుము నిలబెట్టి కాగితంలో చుట్టిన రాతిపిండి బిగిస్తున్నాను.

పాత తడకలను తీయలేదు. బయటివైపు అవే వున్నాయి, మట్టిపూత మళ్ళీ చేయించాము. జిప్సానికి వాన తగలకూడదు గనుక బయట యేదో ఒకటి వుండవలసిందే. వాన జల్లు కొట్టే పడమటివైపు పాత రేకులు కూడా అడ్డం కట్టాను. కప్పుకు, లోపలి పలకలకు మధ్య వేడిగాలి పోవడానికి రెండు చివరలా కిటికీ అంత ఖాళీ వదిలి, ఉడుతలు, యెలుకలు దూరకుండా యినుప జాలీ కొట్టించాను. మా వైపు వైశాఖంలో రేకు కింద కూర్చోవడమంటే పెనంమీద కూర్చోవడమే. పలకలు వేసిన తర్వాత మధ్యాహ్నంపూట ఫ్యాను కింద పడుకోవచ్చు. చల్లగా వుందని అబద్ధం చెప్పను, పడుకోవచ్చు.

తలుపుముందు వాలు గురించి ఒకమాట. ఆరంగుళాలు యెక్కడానికి మేస్త్రీ మూడడుగుల వాలు పోస్తానన్నాడు. ప్రభుత్వ భవనాలలో చక్రాల కుర్చీలకు వాలు యెట్లా వుండాలో నా బల్లమీదికి వచ్చిన కాగితాలలో చూశాను: ఒక అంగుళం యెత్తుకు ఒక అడుగు పొడవు. అందుచేత ఆరడుగులు పోయించాను. మేస్త్రీ, "ఇంత పొడుగెందుకు, ఏనుగు నడుస్తదా?" అన్నాడు. నడిచే మనిషి ఆ సమయానికి పై గదిలో నిండు చెంబు పక్కన పడుకుని వుంది.

మొత్తం లెక్క 49,640 రూపాయలయింది. తడిసిన రెండు పలకలకు బదులు తెచ్చినవి కలిపితే నాలుగువందల నలభై మించింది. తలుపు పాతదే, రంగు యింటికి వేయగా మిగిలినదే.

ఉగాది ముందురోజున అవ్వను చివరిసారి కుర్చీలో కూర్చోబెట్టి అయిదు మెట్లూ దింపాము. వాలు దగ్గర దించి వాకరు యిచ్చాము. నేను వెనుక చెయ్యి పట్టబోతే, "ఇడువు" అన్నది. యెంతసేపు పట్టిందో నేను చూడలేదు. లోపలికి పోయి, మంచంమీద కూర్చుని, గోడను వేళ్ళతో కొట్టి చూసింది. డొల్ల శబ్దం వచ్చింది.

"లోపలేం లేదారా?"

"లేదవ్వా, ఖాళీ."

"మరి గోడంటరెట్ల?"

ఆమెకు కాళేశ్వర ముక్తేశ్వరుల పటం మంచానికి యెదురుగా కావాలి. మేకు కొట్టాను. తెల్లపొడి రాలి మేకు చేతికి వచ్చింది. మా అబ్బాయి నవ్వాడు. పలకకు మేకు ఆగదు, వెనుక చానెలు వున్న తావు చూసి మర బిగించాలి. అప్పుడు బుద్ధి వచ్చి, యే చానెలు తలుపునుంచి యెన్ని అంగుళాల దూరంలో వుందో వరసగా కాగితంమీద వ్రాసి తలుపు వెనుక అతికించాను. పటం అనుకున్న తావుకు నాలుగంగుళాలు పక్కకు జరిగింది. అవ్వ దానికీ ఒప్పుకోలేదు, మంచం జరిపించింది.

ఇటుకగోడ స్తంభాల మధ్య వచ్చింది గనుక బాపు గీసిన గీత అట్లాగే వుంది. మేస్త్రీ దానిమీద కూడా గిలాబా లాగబోతే నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

ఆషాఢంలో ఒక రాత్రి కుండపోతగా కురిసింది. నది పొంగింది కాదు గాని వాననీరే వాకిట్లో నాలుగు వేళ్ళు నిలిచింది. టార్చి పట్టుకుని దిగి పోయాను. వాలు కింద నీళ్ళు, లోపల నేల పొడిగా వుంది. ఇటుకగోడ తల దగ్గర పలక అంచును వేలితో నొక్కి చూశాను. గట్టిగానే వుంది. అవ్వ మేలుకునే వుంది.

"నీళ్ళచ్చినయా?"

"రాలేదవ్వా. పండు."

"వచ్చిందానివి ఎట్లనో వచ్చినవ్, గా చెంబు నింపి పో. అయిపోయింది."

నింపి యిచ్చి వచ్చాను. మెట్ల దగ్గర నా మోటారు సైకిలు వానలో నిలువునా నానుతున్నది. దాని కొట్టం పోయింది గదా. మూడు రేకులు, నాలుగు గుంజలతో పెరటిమూల దానికొక నీడ వేయవచ్చునని మా అబ్బాయి అంటున్నాడు. పాత కవరు ఒకటి వుంది, లెక్క వేయాలి.